మాటపోగు

ఎర్రదిబ్బల ఎడారి అంచున, ఇసుకా రాయీ కలిసే చోట, ఏడాదికి ఒక్కసారి ఒక ఊరు మొలుస్తుంది. పది రోజులుంటుంది. పదకొండో రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే గుంజలు పాతిన గుంటలూ, ఒంటెల పేడా తప్ప ఏమీ కనిపించవు. దాన్ని కానుకల సంత అంటారు. మండే ఎండలు వెనక్కి తగ్గి మొట్టమొదటి చలిగాలి ఒంటికి తగిలే మూడు రోజుల్ని ఆ సీమవాళ్లు తొలిచలి పండుగగా చేసుకుంటారు. ఆ మూడు రోజుల్లో తనకని చేసిన కానుక పుచ్చుకోని మనిషి ఎడారి మొత్తం గాలించినా దొరకడు, ఒక్కడు తప్ప. ఈ తంటా అంతా ఆ ఒక్కడి వల్లే వచ్చింది.

ఆ ఏడు సంత మహా వైభవంగా సాగుతోంది. నెమలికంఠం రంగు గుడారాలు, కుంకుమరంగు గుడారాలు, అంచులకు వెండి మువ్వలు కుట్టిన గుడారాలు వరసలు కట్టి నిలబడ్డాయి. ఒకచోట ఇసుకను కరిగించి పోసిన గాజులు గలగలమంటున్నాయి. ఇంకోచోట ఒంటె ఎముకతో చెక్కిన దువ్వెనలు, మధ్యాహ్నపు ఎండలో కూడా నీళ్లను చల్లగా ఉంచే సన్నమెడ కూజాలు, రాగిరేకు కొట్టి చేసిన దీపపు సెమ్మెలు, ఉప్పురాతిలో తొలిచిన చిట్టి ఏనుగులు. చేసినవాళ్లే పక్కన కూర్చుని అమ్ముతున్నారు. ఆ వస్తువుల మధ్య, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ, పెట్టుడు గడ్డం దురద పెడుతుంటే గోక్కోలేక అవస్థ పడుతూ, ఒక పూసల వర్తకుడు తిరుగుతున్నాడు.

అతను పూసల వర్తకుడు కాడు. నీలధారా రాజ్యపు యువరాజు శరభకేతుడు.

కిందటి ఏడు తొలిచలి పండుగకి పొరుగు దొరలకి కానుకలు పంపే బాధ్యత అతని మీద పడింది. యువరాజుకి వేట మీద ఉన్న శ్రద్ధ కానుకల మీద లేదు. ఎడారి నడుమ నల్లరాతి కోటలో ఉండే మాంత్రికుడు ధూమ్రజటుడి పేరు వచ్చేసరికి, "ఏదో ఒకటి పంపండి" అని కొట్టుగదిలోంచి ఒక పాత శాలువా తీయించి పంపేశాడు. అది అంతకు ముందు ఏడు ఎవరో సామంతుడు వీళ్లకే ఇచ్చింది. మడతలో ఆ సామంతుడి పేరు కుట్టి ఉంది, ఎవరూ విప్పి చూడలేదు. ధూమ్రజటుడు విప్పి చూశాడు. చూసి ఆ సాయంత్రమే సుడిగాలిలో వచ్చి, ఉద్యానవనంలో ఉయ్యాల ఊగుతున్న అతని చెల్లెలు కువలయను ఇసుకబొమ్మను చేసి ఎత్తుకుపోయాడు.

పోతూ పోతూ శరభకేతుడితో ఒక మాట అన్నాడు. "యువరాజా! నా జన్మలో నాకోసమని ఎవరూ ఏదీ చేయలేదు. వచ్చే పండుగకి నాకోసం చేసిన వస్తువు ఒక్కటి తీసుకురా. నీ కొట్టుగదిలోది కాదు, మంత్రంతో పుట్టించింది కాదు. ఈ ఎడారి మనిషి నాకని తన చేతులతో చేసింది కావాలి. మూడో రోజు పొద్దు గుంకేలోపు నా చేతిలో పెట్టు, నీ చెల్లెలు తన కాళ్ల మీద నడిచి ఇంటికి వస్తుంది. పెట్టలేకపోతే ఇసుకలో ఇసుకే."

వినడానికి ఎంత తేలిక! కానీ ఎడారిలో ధూమ్రజటుడి పేరెత్తితే పసిపిల్లలు కూడా ఉమ్మేస్తారు. పన్నెండేళ్ల కిందట ఎవరో తన పల్లకీకి దారి ఇవ్వలేదని ఏడు ఊళ్ల బావుల్ని ఒక్క పూటలో ఎండగట్టినవాడు వాడు. వాడికి కానుక చేయమని అడిగితే రాళ్లతో కొట్టి చంపుతారని శరభకేతుడికి తెలుసు. అందుకే ఈ గడ్డం, ఈ పూసల సంచీ.

"సామీ, పొద్దున్నుంచి తిరగతానే ఉండాము," అన్నాడు వెనక నుంచి గిడ్డయ్య. అతను ఒంటెలు తోలేవాడు, దారి చూపడానికి కుదుర్చుకున్న మనిషి. పొట్టివాడు, నోరు మాత్రం పెద్దది. "తీసుకునేటోళ్లు ఎట్లాంటోళ్లో తెలిస్తే గదా ఏం కొనాలో తెలిసేది. ఎవురికి సామీ ఇది?"

"మా చెల్లెలికి," అన్నాడు శరభకేతుడు.

అంత సులువుగా వచ్చేసింది అబద్ధం. పైగా సగం నిజమే కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు కూడా. రాజుల బిడ్డలకి ఇలా సర్దిచెప్పుకోవడం ఉగ్గుపాలతోనే వస్తుంది.

సంత చివర్లో ఒక నల్ల గుడారం కనబడింది. అందులో బంగారు నెమలి ఒకటి పురివిప్పి ఆడుతోంది. కళ్లలో కెంపులు, కాళ్లకి గజ్జెలు. పక్కనే పసుపు తలపాగా పెట్టుకున్న వర్తకుడు చిరునవ్వు నవ్వుతున్నాడు. "దొరా, నా చేతులతో చేశాను. చక్రవర్తికిచ్చినా తక్కువే!"

శరభకేతుడికి కళ్లు చెదిరాయి. ఇలాంటిది చూస్తే మాంత్రికుడైనా నోరు తెరుస్తాడనుకున్నాడు. దగ్గరికి వంగి చూశాడు. గడ్డం కింద ఊరిన చెమటచుక్క ఒకటి జారి టప్పున నెమలి మెడ మీద పడింది. పడినచోట చిల్లు పడింది. చూస్తుండగానే మెడ వాలింది, పురి కరిగింది, కెంపులు ఆవిరై పోయాయి. మిగిలింది దోసెడు ఇసుక.

"ఎండమావి సరుకు!" అని గావుకేక పెట్టాడు గిడ్డయ్య. "ఓయబ్బా, ఎండమావి ముఠా వొచ్చిండాది! ఎవురూ కొనొద్దండి!"

ఎండమావుల్ని పట్టి మూసలో పోసి వస్తువులుగా అమ్మే దొంగలు వాళ్లు. సంతంతా గొల్లుమంది. పసుపు తలపాగా చిరునవ్వు మాయమై దాని చోట వంకర కత్తి వచ్చింది. గుడారం వెనక నుంచి ఇంకో పదిమంది ఊడిపడ్డారు. శరభకేతుడు పూసల సంచీ విసిరి మొదటివాడి మొహాన కొట్టాడు, రెండోవాడి కత్తి లాక్కున్నాడు, దాంతో గుడారం తాళ్లు తెగనరికాడు. నల్లగుడ్డ దభేలున కూలి నలుగురిని కప్పేసింది. పెట్టుడు గడ్డం సగం ఊడి వేలాడుతుండగా ఎగిరి తన ఒంటె మీద పడ్డాడు. గిడ్డయ్య అప్పటికే తన ఒంటెను అదిలించి దౌడు తీయిస్తున్నాడు.

వెనక ముఠా, ముందు ఎర్రదిబ్బలు. బాణాలు చెవుల పక్కన రయ్యిమంటున్నాయి. "సామీ, నా ఒంటె అడుగులోనే నీ ఒంటె అడుగు పడాల! జానెడు పక్కకి పోయినా ఊబి!" అని అరిచాడు గిడ్డయ్య. ఇసుక కొన్నిచోట్ల నీళ్లలా మెత్తగా కదులుతోంది. వంకలు తిరుగుతూ, ఊపిరి బిగబట్టి, ఇద్దరూ ఆ దిబ్బలు దాటారు. తిరిగి చూస్తే ముందు వచ్చిన మూడు ఒంటెలు మోకాళ్లదాకా దిగబడ్డాయి. పసుపు తలపాగావాడు ఒడ్డున ఆగి, "గడ్డం దొంగా! నీ జాడ వదలను!" అని కత్తి ఆడించాడు.

సాయంత్రానికి వాళ్లు కదురుపల్లె చేరారు.

అది ఇరవై గడపల ఊరు. ఇళ్లు సగం ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. ఊరి మొదట్లో ఎండిన బావి, దాని మీద ముళ్లకంప. ఏ ఇంట్లోంచి చూసినా మగ్గం చప్పుడు, ఉడికే చింతగింజల గంజి వాసన. "ఎడారిలో కంబళి అంటే మారెక్క కంబళే సామీ," అని గిడ్డయ్య ఒక వంగిన తలుపు ముందు దిగాడు.

మారెక్కకి డెబ్భై ఏళ్లుంటాయి. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని మగ్గం ముందు కూర్చుని ఉంది. పక్కన గోడకి నల్ల కంబళి ఒకటి వేలాడుతోంది, ఒకవైపు అంచు లేకుండా.

"ఈ కంబళి ఇవ్వు అవ్వా," అన్నాడు శరభకేతుడు.

"ఇది కంబళి గాదు నాయనా. అంచు పడినాకే కంబళి. మా పల్లెలో ఒళ్లు ముందే నేస్తాము, అంచు మాత్రం మనిషొచ్చినాకే ఏస్తాము. ఎవురికిస్తాండావో పేరు సెప్పల్ల. ఆ మనిషిలో మంచి ఏముండాదో నీ నోటితో సెప్పల్ల. నువ్వు సెప్తాంటే నేను పోగు వడుకుతా. దాన్ని మాటపోగు అంటారు. ఆ పోగుతోనే అంచు. అట్ల జేసిన కంబళి ఆ మనిషికి తప్ప ఇంగెవురికీ వెచ్చన గాదు."

పేరు చెప్పడమే కాదు, వాడిలో మంచి కూడా చెప్పాలట! తన చెల్లెల్ని ఇసుక చేసినవాడిలో మంచి! ఏదో ఒకటి అడుగుదామని, "ఊరి బావి ఎండిపోయిందేం అవ్వా?" అన్నాడు.

"ఆ జడలోడు ఎండగొట్నాడు. మా పెద్దోడూ, సిన్నోడూ నీళ్ల కోసరం లోపలికి దిగి తవ్వినారు. బావి కూలిపాయ." ఆమె కదురు అందుకుంది. "పన్నెండేండ్లాయ. వాని పేరు ఈ ఊర్లో ఎవురూ పలకరు. నువ్వు సెప్పు నాయనా, ఎవురికి?"

అలాంటి మనిషి ముందు ఇంకేం చెబుతాడు? "కువలయ," అన్నాడు. "నా చెల్లెలు."

ఇక మంచి మాటలకి కొదవేముంది? చిన్నప్పుడు తను గుర్రం మీద నుంచి పడితే తండ్రికి తెలియకుండా ఆ పిల్ల తన ఓణీ చింపి కట్టు కట్టడం చెప్పాడు. వంటింటి పనిమనిషికి జ్వరమొస్తే తనే వెళ్లి గంజి కాచి తాగించడం చెప్పాడు. కోపమొస్తే తిండి మానేసి, ఆకలికి ఆగలేక దొంగతనంగా అరిసెలు తింటూ దొరికిపోవడం చెప్పాడు. మారెక్క చేతిలో కదురు గిర్రున తిరిగింది. తెల్లటి పోగు ఎక్కడా ముడి పడకుండా సాగుతూనే ఉంది.

"అదృష్టవంతురాలు నీ సెల్లెలు," అంది మారెక్క. రాత్రంతా, మర్నాడు సగం పొద్దు కూర్చుని అంచు నేసి, గంజి పట్టించి, మడిచి చేతిలో పెట్టింది. "నేనిచ్చినానని సెప్పు నాయనా. నా కూతురికి ఇచ్చినట్టే ఇచ్చినా."

శరభకేతుడు ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు. ఒంటె ఎక్కాక మాత్రం ధైర్యం వచ్చింది. కంబళికి చెవులున్నాయా, ఎవరి పేరు విన్నదో గుర్తుపెట్టుకోవడానికి? పల్లెటూరివాళ్ల నమ్మకాలు! మాంత్రికుడు అడిగింది ఎడారి మనిషి చేతిపని, ఇదిగో చేతిపని. ఇలా అనుకుంటూ పండుగ మొదటి రోజు పొద్దున నల్లరాతి కోట ముందు దిగాడు. "మా బంధువుల ఇల్లు," అని గిడ్డయ్యకి ఇంకో అబద్ధం చెప్పి, కోట కనబడకుండా అతన్ని దిబ్బ అవతలే ఉంచి వచ్చాడు.

నల్లరాతి కోట గోడలు నున్నగా, కిటికీ అన్నది లేకుండా ఆకాశంలోకి లేచి ఉన్నాయి. వాకిట్లో రెండు రాతి తేళ్లు కాపలా. ఒక్కోటి ఏనుగంత. అతను అడుగుపెట్టగానే కొండీలెత్తి మీదికి దూకాయి. శరభకేతుడు ఒకదాని పొట్ట కిందనుంచి దొర్లి, రెండోదాని కొండీ మొదటిదాని వీపున దిగేలా తప్పుకుని, ఆ రెండూ పెనుగులాడుతుండగా తలుపు తోసుకుని లోపల పడ్డాడు.

లోపల వెయ్యి స్తంభాల సభామంటపం. వెయ్యి స్తంభాలకీ వెయ్యి దీపాలు. ఒక్క మనిషి లేడు. నడుమ ఎత్తైన పీఠం మీద ధూమ్రజటుడు ఒక్కడే కూర్చున్నాడు. పొగ రంగు జడలు మెట్ల మీదుగా నేలదాకా పాకుతున్నాయి. కళ్లు మాత్రం ఎవరో వస్తారని వాకిలివైపే చూస్తున్నవాడి కళ్లు. అతని ఎడమవైపు ఇసుకబొమ్మై నిలబడి ఉంది కువలయ, ఉయ్యాల గొలుసు పట్టుకున్నట్టు ఒక చేయి పైకెత్తి.

"తెచ్చావా?" అన్నాడు మాంత్రికుడు. గొంతు వణికింది. శరభకేతుడు అది గమనించాడు, కానీ అప్పుడు దాని అర్థం పట్టించుకోలేదు.

"తెచ్చాను మహానుభావా. కదురుపల్లెలో మీకోసమే ప్రత్యేకంగా నేయించాను."

ధూమ్రజటుడు మెట్లు దిగి వచ్చాడు. కంబళి రెండు చేతులా అందుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అంచును వేళ్లతో తడిమాడు. పండుగపూట కొత్తబట్ట కట్టుకునేవాడిలా నెమ్మదిగా భుజాల చుట్టూ కప్పుకున్నాడు.

కంబళి జారిపోయింది. మళ్లీ కప్పుకున్నాడు. మళ్లీ జారింది. మూడోసారి గట్టిగా పట్టుకుని బిగించబోతే అది అతని చేతుల్లోంచి తప్పించుకుని, గాలిలో తేలుతూ పోయి, ఇసుకబొమ్మ భుజాలను చుట్టుకుంది. అంచు తనంతట తనే మెడ కింద ముడిపడింది.

ఇసుక చెంపలకి రంగు వచ్చింది. రెప్పలు కదిలాయి. "అన్నా," అంది కువలయ. "ఎంత వెచ్చగా ఉందో! ఏడాదిగా చలేస్తోంది అన్నా."

శరభకేతుడు పరుగెత్తాడు. అతని చేయి ఆమెను తాకేలోపు ధూమ్రజటుడు వేలెత్తాడు. కంబళి ఊడి నేల మీద పడింది. చెంపల రంగు పోయింది. పైకెత్తిన చేతికి ఉన్న చిటికెనవేలు పొడిపొడిగా రాలి గచ్చు మీద చిన్న కుప్పయింది.

"ఇంత మంచి పని నేనెన్నడూ చూడలేదు," అన్నాడు మాంత్రికుడు. అతని మొహం చిన్నబోయింది, అది దాచుకోలేదు కూడా. "ఇది ఆమెది. నాది ఏది? నువ్వు అబద్ధమాడావు. అందుకు ఒక వేలు రాల్చాను. మూడు రోజులన్నాను, ఇంకా రెండు రోజులున్నాయి. వెళ్లు."

దిబ్బ అవతల గిడ్డయ్య ఒంటెలకి నీళ్లు పెడుతున్నాడు. శరభకేతుడు కంబళి చంకన పెట్టుకుని వచ్చిన వాలకం చూసి, "ఏమాయ సామీ?" అన్నాడు. ఇక దాచి లాభం లేదు. మొత్తం చెప్పేశాడు. గిడ్డయ్య విన్నాడు. నీళ్ల తిత్తి మూతి కట్టాడు.

"ఆ ఏడు బావుల్లో మా ఊరి బావి గూడా ఉండాది," అన్నాడు.

ఆ తర్వాత మరి మాట్లాడలేదు. ఒంటెను నడిపించాడు, దారి చూపించాడు, నోరు మాత్రం విప్పలేదు. అంతటి వాగుడుకాయ మూగవాడైతే ఎలా ఉంటుందో శరభకేతుడికి ఆ దారంతా తెలిసింది.

మధ్యాహ్నం దాటాక ఇసుక తుఫాను మీద పడింది. ఆకాశం ఇటుకరంగైంది. చేయి చాస్తే చేయి కనబడలేదు. ఒంటెలు మోకరిల్లి మెడలు నేలకి వేశాయి. ఇద్దరూ వాటి డొక్కలకి ఆనుకుని, తలలు గుడ్డలో దూర్చి, గొంతులో ఇసుక గరగరమంటుంటే గంటల తరబడి పడి ఉన్నారు. గాలి తగ్గి లేచేసరికి శరభకేతుడి ఒంటె లేవలేదు. ముక్కుల నిండా ఇసుక. గిడ్డయ్య తన ఒంటె ముక్కుతాడు అతని చేతికిచ్చి తను ముందు నడిచాడు. శరభకేతుడు ఎక్కలేదు. అతనూ నడిచాడు. అరికాళ్లు బొబ్బలెక్కాయి, బొబ్బలు చితికాయి. పండుగ రెండో రోజు పొద్దెక్కాక కదురుపల్లె కనబడింది. ఇళ్ల ముందు ముగ్గులు వేసి ఉన్నాయి. జనం కొత్త కంబళ్లు కప్పుకుని ఒకరింటికి ఒకరు వెళ్తున్నారు.

మారెక్క కుండలో గంజి కలుపుతోంది. "ఇచ్చినావా నాయనా? ఏమనింది నీ సెల్లెలు?" అంది నవ్వుతూ.

శరభకేతుడు మిగిలిన సగం గడ్డం పీకి పారేశాడు. ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, తనెవరో, కంబళి ఎవరికోసమో, ఎందుకు దాచాడో అంతా చెప్పాడు. ఈసారి ఒక్క ముక్క మిగల్చలేదు. పేరు కూడా చెప్పాడు.

మారెక్క చేతిలో గరిటె తిరుగుతూనే ఉంది. గంజి అడుగంటే వాసన వచ్చాక కుండ దించింది.

"ముందే ఏల సెప్పలే?"

"చెబితే చేసేదానివా అవ్వా?"

"తిట్టేదాన్ని. దుమ్మెత్తి పోసేదాన్ని. గడప తొక్కనిచ్చేదాన్ని గాదు. ఒక దినమంతా పండుకోని ఏడ్సేదాన్ని. మల్ల మర్నాడు లేసి కూసోని సేసేదాన్ని. మా తాతల నాటి నుంచి ఎవురికని అడుగుతాము గానీ, వానికి ఇయ్యొచ్చా అని అడగలేదప్పా. పని అడిగినోన్ని పంపించేది మా కులంలో లేదు. ఇప్పుడేమాయ? ఆ ఏడ్సే దినం గూడా నాకు లేకుండా సేసినావు. రేపు పొద్దు గుంకేలోపల ఇయ్యల్లంటావే!"

శరభకేతుడు తిరిగి తెచ్చిన కంబళిని ఆమె ముందు పెట్టాడు.

"ఇంట్లో ఇంగ ఉన్ని లేదు. ఉండేది ఈ కంబళే. అంచు ఇప్పల్ల. ఇప్పినాక నీ సెల్లెలికి ఇది మల్ల ఎప్పుటికీ పనికిరాదు." ఆమె కంబళి అతని ఒళ్లోకి విసిరింది. "నేను ఇప్పను. అబద్దం సెప్పినోడే ఇప్పల్ల."

అతను విప్పాడు. చింపిన ఓణీ కట్టు, పనిమనిషి గంజి, దొంగ అరిసెలు, ఒక్కొక్కటే పోగు పోగుగా బయటికొచ్చాయి. లాగిన ప్రతిసారీ "వెచ్చగా ఉంది అన్నా" అన్న గొంతు చెవిలో వినబడింది. చివరి పోగు లాగాక చేతులు చూసుకుంటే వేళ్లు కోసుకుపోయి ఉన్నాయి. నొప్పి అప్పుడు తెలిసింది.

మారెక్క ఆ పోగుల్ని మళ్లీ ఉన్నిగా ఏకి కదురు తీసుకుంది. "సెప్పు. వానిలో మంచి."

"ఆయన మహా విద్యావంతుడు. ఆయనకు తెలియని మంత్రం లేదు."

పోగు పుటుక్కున తెగింది.

"అది పొగడ్త. పొగడ్తకి పోగు నిల్సదు," అంది మారెక్క. ఆమె గొంతులో సంతోషంలాంటిది ఏదో ఉంది.

శరభకేతుడు తల పట్టుకున్నాడు. వెతికాడు. ఎక్కడ వెతికినా రాలిపడ్డ వేలే కనబడుతోంది. వాడిని చంపాలని ఉంది, పొగడమంటే ఎలా? వాకిట్లో నీడ పొట్టిదై మళ్లీ సాగడం మొదలుపెట్టింది. పండుగ పలకరింపులు, పిల్లల కేరింతలు వినబడుతున్నాయి. చివరికి తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆయన నాకు అబద్ధం చెప్పలేదు అవ్వా. ఏం కావాలో అదే అడిగాడు. ఏం చేస్తానన్నాడో అదే చేశాడు. మూడు రోజులని మాటిచ్చాడు, నేను మోసం చేశాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. అబద్ధాలాడింది నేను. ఆయనకీ, నీకూ, ఆ గిడ్డయ్యకీ."

కదురు తిరిగింది. పోగు సాగింది. మారెక్క దాన్ని పట్టి లాగింది. తెగలేదు. రెండు చేతులకీ చుట్టుకుని, పళ్లు బిగించి, ఉన్న బలమంతా పెట్టి లాగింది. ముసలి మెడ మీద నరాలు పొంగాయి. తెగితే బాగుండునని ఆమె ఎంతగా కోరుకుంటోందో మొహం మీద రాసి ఉంది. పోగు తెగలేదు.

ఆమె కళ్లు తుడుచుకోకుండానే గుంతలోకి దిగి మగ్గం ముందు కూర్చుంది. "ఈ కొస పట్టుకో. అంచు అయ్యేదాకా వొదలగూడదు. వొదిల్తే అంతా పోతాది."

శరభకేతుడు ఎడమచేతికి పోగు చుట్టుకున్నాడో లేదో, వాకిట్లో గిడ్డయ్య ఒంటె బెదిరి అరిచింది. తలుపు సందులోంచి చూస్తే దూరంగా దిబ్బ మీద దుమ్ము లేస్తోంది. దుమ్ములో ఒంటెలు, పది కాదు, ముప్ఫైకి తక్కువ ఉండవు. అన్నిటికీ ముందు పసుపు తలపాగా. కుడిచేయి దానంతట అదే మొలలోని కత్తి మీదికి పోయింది. లేవబోయాడు, పోగు బిగిసింది. అలాగే ఆగిపోయాడు.

గిడ్డయ్య లోపలికి తొంగిచూశాడు. మగ్గాన్నీ, పోగునీ, మారెక్క మొహాన్నీ చూశాడు. నిన్నటి నుంచి మూసుకున్న నోరు తెరిచాడు.

"అక్కా, నువ్వు కానీ. నేను బతికుండంగా ఈ గడప ఎవురూ దాటరు."

శరభకేతుడి వైపు చూడలేదు. ఒంటె కర్ర అందుకుని, తలుపు బయటినుంచి దగ్గరకి లాగి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

లోపల మగ్గం మీద పోగును అటూ ఇటూ మోసుకెళ్లే నాడె కదిలింది. కదురుపల్లెలో అంచు నేసేటప్పుడు, నాడె వేసిన ప్రతిసారీ కానుక ఎవరికో ఆ పేరు పైకి పలకాలి. ఊరంతా వినేలా పలకాలి, అదే ఆశీర్వాదం. మారెక్క ఊపిరి తీసుకుంది. పన్నెండేళ్లుగా ఆ ఊళ్లో ఎవరి నోటా రాని పేరును గొంతెత్తి పలికింది.

"ధూమ్రజటుడు!"

వీధిలో పిల్లల కేరింతలు ఆగిపోయాయి. నాడె ఇటు వచ్చింది. ఆమె మళ్లీ పలికింది. ఆ పేరు విని ఎదురింటి తలుపు మూసుకుంది. తర్వాత పక్కింటి తలుపు. ఆ తర్వాత ఊరి చివరిదాకా ఒక్కొక్కటే. మారెక్క మాత్రం ఆపకుండా నాడె వేస్తూ ఆ పేరు పలుకుతూనే ఉంది.